మాయదారి చుట్టం

ఇవాళ నేను గొర్రెల కొట్టం తలుపు బయట ఆగిపోయాను. ఒక చేతిలో కాఫీ ఫ్లాస్కు, ఇంకో చేతిలో గుడ్డలో చుట్టిన వేడి రొట్టె, నోటి నిండా చెప్పాల్సిన మాట. లోపల మామగారు ఉన్నారు. అందుకే ఆగాను.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెబుతాను. నా పేరు మిరెన్. ఇటురాస్పె వారి కొత్త కోడలిని. కొండ మీది మేత అయిపోయి మందలు కిందికి దిగిన అక్టోబరులో ఎనెకోను పెళ్ళి చేసుకుని నెవాడా నుంచి ఈ ఐడహో మైదానానికి వచ్చాను. నాకంటే ముందే కాపురానికి వచ్చింది మా పుట్టింటి గొర్రె. పెళ్ళి మాట అనుకున్న ఏడాది మా నాన్న దాన్ని కానుకగా పంపాడు. నేను కాలేజీ ముగించేలోగా అది ఇక్కడ రెండు కాన్పులు కూడా చూసేసింది. దాని పేరు నెవాడా.

ఈ చలికాలం మందలో ఒక ముసలి గొర్రె రొప్పడం మొదలుపెట్టింది. కుక్క తరమలేదు, తోడేలు తరమలేదు, అయినా మైళ్ళ దూరం పరిగెత్తి వచ్చినట్టు డొక్కలెగరేసింది. మామగారు దాని వెనక కాళ్ళు పట్టుకుని, తోపుడు బండిని ఎత్తినట్టు ఎత్తి, తల నేలకు వంచారు. ముక్కులోంచి నురగ నీళ్ళు ధారగా కారాయి. మా వాళ్ళు దాన్ని తరుము జబ్బు అంటారు. వైరస్ వల్ల ఊపిరితిత్తుల్లో వచ్చే కేన్సరు కంతి. మందు లేదు. ఆ గొర్రె ఆ రోజే పోయింది, పాతిపెట్టారు.

తర్వాత మామగారు మంద మొత్తానికి రక్తం తీయించి, ఎక్కడో దూరాన కొత్తగా తెరిచిన ఒక ల్యాబుకు పంపారు. మొన్న ఫోన్ వచ్చింది. అన్నిటికీ ఉందట. ఒక్కటి కూడా మిగలకుండా అన్నిటికీ. మామగారు ఇంకో మాట లేకుండా కబేళా లారీకి కబురు పెట్టారు. శుక్రవారం వస్తుంది. కొట్టంలో సగానికి పైగా చూడి గొర్రెలు. ఆ రాత్రి భోజనం దగ్గర ఆయన చెంచా వంక చూస్తూ, "నెవాడా రాకముందు ఈ కొట్టంలో దగ్గు వినలేదు" అన్నారు. నేను నవ్వేశాను. ఏడిస్తే వెల్లుల్లి సూప్‌లో ఉప్పు ఎక్కువవుతుందని.

ఈ పొద్దున నేను ఆ ల్యాబుకు ఫోన్ చేశాను. వాళ్ళు చెప్పిన మాట నోట్లో పెట్టుకునే కొట్టం తలుపు దగ్గర నిలబడ్డాను. ఇక తలుపు తోశాను.

*

లోపల వెచ్చగా ఉంది. గడ్డి, పాలు, తడి ఉన్ని కలిసిన ఆ వాసన నాకెంత ఇష్టమో ఎనెకోకి చెబితే, "పెళ్ళి నన్ను చూసి చేసుకున్నావా, కొట్టాన్ని చూసా?" అన్నాడు. రెండూ చూసి అని ఒప్పుకున్నాను. ఉన్ని జిడ్డు పట్టి నా పెళ్ళి ఉంగరం వేలి మీద గిరగిరా తిరుగుతుంటుంది. ఆ తిరగడం చూసుకుంటూ కూడా ఒక పూట గడిపేయగలను.

మామగారు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. ముందర ఒక చచ్చిపోయిన గొర్రెపిల్ల. తెల్లవారుజామున నెవాడాకు పుట్టింది, ఊపిరి తీసుకోలేదు. ఆయన చిన్న కత్తితో దాని తోలు ఒలుస్తున్నారు, చొక్కా విప్పినంత మెల్లగా. పక్కన ఎనెకో చేతుల్లో బతికున్న పిల్ల ఒకటి గింజుకుంటోంది. నిన్న మూడు పిల్లల్ని ఈనిన తల్లికి మూడోది అది. గొర్రెకు రెండే చన్నులు. మూడోదానికి ఎప్పుడూ కష్టమే.

మూలన గడ్డిమోపు మీద అముమ కూర్చుని ఉంది. మామగారి తల్లి. తొంభైకి దగ్గర పడింది, అయినా ఈతల కాలంలో ఆమెను ఇంట్లో కూర్చోబెట్టగల మొనగాడు ఇంకా పుట్టలేదు.

"రొట్టె తెచ్చావా, మాట తెచ్చావా?" అంది అముమ నన్ను చూడగానే.

"రెండూ తెచ్చాను."

"రొట్టె ఇటివ్వు. మాట వాడికివ్వు. వాడికి నాకంటే పళ్ళు గట్టివి."

మామగారు తల ఎత్తలేదు. ఎనెకో నా వంక చూసి కనుబొమలు ఎగరేశాడు. వాడి టోపీ కింద జుట్టు ఒక చెవి వైపే లేచి నిలబడింది. ఆ క్షణంలో కూడా దాన్ని అణచాలని నా చెయ్యి లాగింది. సిగ్గులేని చెయ్యి.

"ఐతా," అన్నాను. ఈ ఇంట్లో నాన్నను అలాగే పిలుస్తారు. నేనూ అలాగే. "ల్యాబుకు ఫోన్ చేశాను."

"వాళ్ళు చెప్పేది మొన్నే చెప్పారు."

"నేను వేరే ప్రశ్న అడిగాను."

ఆయన తోలు పూర్తిగా ఒలిచి, కాళ్ళ దగ్గర నాలుగు చిల్లులు సరిచూసుకున్నారు. ఎనెకో పిల్లను అందించాడు. బతికున్న పిల్ల కాళ్ళను చచ్చిన పిల్ల తోలులోంచి ఒక్కొక్కటే దూర్చి, చంటిపిల్లకు స్వెట్టర్ తొడిగినట్టు వీపు మీదికి లాగారు. మేం దీన్ని అంటు కట్టడం అంటాం. పిల్ల పోయిన తల్లి, తల్లి చాలని పిల్ల, రెంటినీ కలిపి ఒక చెట్టు చేయడం.

అముమ రొట్టె నములుతూ, "ఒరేయ్ ఫెర్మిన్, శుక్రవారం లారీ ఎక్కించే గొర్రెకి ఇవాళ పిల్లనెందుకురా అంటు కడతావు?" అంది.

"శుక్రవారం దాకా ఈ పిల్ల ఆకలితో ఉండాలా?" అన్నారు మామగారు.

ఆ మాటతో నా భయం సగం పోయింది.

నెవాడా తన కమ్మీల గదిలో మూలకు తిరిగి నిలబడి ఉంది. మామగారు పిల్లను దాని వెనక దించారు. "మాట్లాడకండి. వాసన చూడనీ."

తల్లి వెనక్కి తిరిగింది. వాసన నచ్చకపోతే ఒక్క కుమ్ము, పిల్ల గోడకు కొట్టుకుంటుంది. నెవాడా ముక్కు ముందుకు చాచింది. తోక దగ్గర వాసన చూసింది. పిల్ల వణుకుతోంది. నెవాడా మళ్ళీ చూసింది. దూరంగా జరిగి, బకెట్లో మూతి ముంచి గుటగుటా నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి చూసింది.

"ఆలోచిస్తోంది," అన్నాడు ఎనెకో గుసగుసగా.

"నీలాగా కాదు మరి. నువ్వు ఈ పిల్లను చూసిన రోజే ఒప్పేసుకున్నావు," అంది అముమ నన్ను చూపిస్తూ.

"ఏం అడిగావు?" అన్నారు మామగారు నా వైపు చూడకుండానే.

నేను ఫ్లాస్కు కింద పెట్టాను. "మీ పరీక్షలో 'లేదు' అని వచ్చిన గొర్రె ఎప్పుడైనా ఉందా అని అడిగాను. ఫోనెత్తిన అమ్మాయి పాపం మంచిది. వెతికి చూసి చెప్పింది. ఆవుకు 'లేదు' అని వచ్చిందట. గుర్రానికి 'లేదు' అని వచ్చిందట. గొర్రెల్లో మాత్రం ఇంతవరకూ 'లేదు' అన్నది రాలేదండీ, మా దగ్గరికి జబ్బు గొర్రెలే వస్తున్నట్టున్నాయి అంది."

కొట్టంలో ఎక్కడో ఒక గొర్రె తుమ్మింది. అందరం ఉలిక్కిపడ్డాం.

"వాళ్ళు జబ్బును పట్టుకోలేదు ఐతా. గొర్రెను పట్టుకున్నారు."

మామగారు మొదటిసారి నా వైపు తిరిగారు. కోపంగా లేరు. అలసిపోయి ఉన్నారు. "పిల్లా, కాలేజీ మాటలు నాకు అర్థం కావు. ఆ ముసలిదాని ముక్కులోంచి కారింది నీళ్ళా కాదా?"

"నీళ్ళే. జబ్బు మందలో ఉంది. లేదనడం లేదు. కానీ అన్నిట్లో ఉన్నది ఆ జబ్బు కాదు. దాని చుట్టం."

"చుట్టమా?"

ఎలా చెప్పాలా అని చూస్తుంటే చొక్కా తొడుక్కున్న పిల్ల నా కళ్ళ ముందే ఉంది.

"ఎప్పుడో లక్షల ఏళ్ళ కిందట, మనుషులింకా మనుషులు కాకముందు, ఈ గొర్రెల ముత్తవ్వల మందలోకి ఇలాంటి వైరసే ఒకటి వచ్చింది. ఈ జాతి వైరస్సులు ఒంట్లో దూరితే ఊరికే ఉండవు. మన ఒంటిని తయారుచేసే రాత ఉంటుంది చూశారూ, అందులో తమ రాత కలిపేస్తాయి. అది ఒక పొట్టేలులోనో గొర్రెలోనో విత్తనం దాకా వెళ్ళింది. అక్కడ రాత కలిస్తే ఇక పిల్లకూ వస్తుంది, పిల్ల పిల్లకూ వస్తుంది. అలా ఒకసారి కాదు, చాలాసార్లు జరిగింది. ఇప్పుడు లోకంలో ఏ గొర్రెను తీసుకున్నా లోపల ఆ పాత రాత ఉంటుంది. ముసలిదాన్ని చంపిన వైరస్ బయటినుంచి వచ్చేది. దానిదీ దీనిదీ ఒకే వంశం, ముఖాలు ఒకటే. ఆ ల్యాబు వాళ్ళు ముఖం చూసి దొంగ అనుకున్నారు. ఇంట్లో ఉన్నవాడిని పట్టుకున్నారు."

"ఇంట్లో ఉంటే మాత్రం దొంగ దొంగ కాకుండా పోతాడా?"

"వాడు ఇంట్లో ఏం పని చేస్తున్నాడో అడగరేం?"

ఎనెకో నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కున్నాడు. మామగారికి ఎదురు ప్రశ్న వేసేది ఈ కొట్టంలో ఇన్నాళ్ళూ అముమ ఒక్కతే. ఇప్పుడు ఇద్దరమయ్యాం.

"చెప్పు," అన్నారాయన.

"వైరస్‌కు ఒక చొక్కా ఉంటుంది. ఆ చొక్కాతోనే అది మన కణాన్ని అంటుకుని లోపలికి దూరుతుంది. అతుక్కోవడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. కడుపులో పిల్ల నిలవాలంటే కూడా అదే విద్య కావాలి. తల్లి గర్భానికి అతుక్కోవాలి, మాయ ఏర్పడాలి, మాయ లోంచి అన్నం రావాలి. గొర్రె ఒళ్ళు ఏం చేసిందంటే, ఆ పాత చుట్టం చొక్కాను తీసి మాయకు తొడిగింది. ఇప్పుడు మీరు ఈ పిల్లకు తొడిగినట్టే. ఆ చొక్కా తయారు కాకుండా ఆపేసి చూశారు కొందరు. చూలు నిలవలేదు. పిల్లలు కడుపులోంచి జారిపోయాయి."

అముమ నమలడం ఆపింది. "మాయకా?"

"మాయకే అముమా."

"మాయదారి జబ్బు, మాయదారి జబ్బు అని నెల రోజులుగా తిడుతున్నాను," అంది ముసలావిడ నెమ్మదిగా. "మాయకు దారి చూపించింది అదేనా?"

నేను ఏం చదువుకుని ఏం లాభం? ఇంత చక్కగా నాకు చెప్పడం రాలేదు.

"గొర్రెలకేనా?" అంది మళ్ళీ, కళ్ళు చిన్నవి చేసి.

"మనకూ అంతే. మన లోపలా వేరే పాత వైరస్ ఒకటి ఉంది. అది ఇచ్చిన చొక్కాతోనే మన మాయ అల్లుకుంటుంది."

"అంటే నేను ఆరుగుర్ని కన్నది జబ్బు దయవల్లనా! మీ తాత ఇన్నాళ్ళూ తన గొప్ప అనుకుని పోయాడు పాపం."

ఎనెకో పగలబడి నవ్వాడు. మామగారి మీసం కూడా కదిలిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

"మరైతే అసలు ఈ వైరస్సులు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయే?" అంది అముమ.

"అది ఎవరికీ తేలలేదు. కొందరు జీవకణాల్లోంచి తప్పించుకుపోయిన ముక్కలంటారు. కొందరు ఒకప్పుడు సొంతంగా బతికి, పరాయి ఇంట్లో తినడం మరిగి ఉన్నదంతా పోగొట్టుకున్నవంటారు. ఇంకొందరు కణాలు పుట్టకముందు నుంచే ఉన్నాయంటారు."

"మన చుట్టాలేగా," అంది అముమ తేలిగ్గా. "ఇల్లు వదిలి పారిపోయినవాడొకడు, కూర్చుని తినేవాడొకడు, మీకంటే ముందు మేమే వచ్చామని చెప్పుకునేవాడొకడు. పెళ్ళికి ముగ్గురూ వచ్చారు, నువ్వు చూశావు."

మామగారు లేచి నిలబడ్డారు. మోకాళ్ళు పటుక్కుమన్నాయి. చేతులు గడ్డికి తుడుచుకుంటూ కమ్మీకి ఆనుకున్నారు.

"నీ మాట నిజమే అనుకుందాం," అన్నారు. "మా నాన్న కూడా నీలాగే అన్నాడు, అన్నిటికీ ఉండదని. రొప్పిన వాటిని తీసేశాడు, మిగతావి ఉంచాడు. మళ్ళీ చలికాలం వచ్చేసరికి కొట్టమంతా రొప్పింది. కొండ మేత అమ్ముకున్నాడు. బంగాళదుంపల గోదాములో పనికి వెళ్ళాడు. ఆఖరి రోజుల్లో చర్చిలో ఎవరైనా దగ్గితే చాలు, వెనక్కి తిరిగి చూసేవాడు. నేను పక్కన కూర్చునేవాణ్ణి. ఆ మెడ తిరగడం నాకింకా కనిపిస్తుంది." గడ్డి అంటిన చేతులు మళ్ళీ తుడుచుకున్నారు. "లారీ పిలిస్తే ఒక్క రోజు బాధ. పిలవకపోతే రోజూ వింటూ కూర్చోవాలి."

ఎనెకో పిల్లను మర్చిపోయి తండ్రి వంకే చూస్తున్నాడు. వాడికి కూడా ఆ గోదాము సంగతి తెలుసు గానీ మెడ సంగతి తెలియదని ముఖం చూస్తే అర్థమైంది.

"వినండి అయితే," అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. "రోజూ విందాం. ఆయన ఒక్కడే విన్నాడు. మనం నలుగురం. ఈనిన గొర్రెను ఈనిన వెంటనే కాళ్ళెత్తి చూద్దాం. చూడివాటిని ఎత్తకూడదు, ఈనేదాకా ఆగుదాం. ముక్కు కారితే ఆ గొర్రె, దాని పిల్ల, అదే రోజు పోతాయి. నేను అడ్డు రాను. మొదట్లో ఉన్న జబ్బు ఇలా ఎత్తితే తేలదు, నాకు తెలుసు. వాటికి పశువుల డాక్టర్ లొరెయిన్ ఊపిరితిత్తులు చూసే మిషన్ తెస్తానంది. మీ నాన్న కంటికి కనిపించాక తీశాడు. మనం కనిపించకముందే వెతుకుదాం. ఇంకో సంగతి ఐతా. లోపలున్న ఆ పాత చుట్టం ఊరికే కూర్చోలేదు. బయటి వైరస్ కణంలో దూరి పిల్లలు పెట్టి బయటికి రాబోతే, కొన్ని పాత రాతలు దాని కాళ్ళకు అడ్డం పడతాయి. మీరు శుక్రవారం లారీ ఎక్కించేది కాపలా వాళ్ళని కూడా."

ఆయన నెవాడా వైపు తిరిగారు.

గదిలోంచి ఒక చప్పుడు వినిపించింది. గొంతు లోపలినుంచి, పెదవి విప్పకుండా చేసే చిన్న గురగుర. తల్లి గొర్రె తన పిల్లతో తప్ప ఇంకెవరితోనూ అలా మాట్లాడదు. నెవాడా తోలు చొక్కా వీపును నాకుతోంది. పిల్ల తడుముకుంటూ తడుముకుంటూ కిందికి వెళ్ళి, దొరకబుచ్చుకుంది. తోక గిలగిలా కొట్టుకుంది. పాలు తాగుతున్న పిల్ల తోక కంటే సంతోషమైన వస్తువు ఈ భూమ్మీద ఉంటే నాకు చూపించండి.

"రేపో ఎల్లుండో చొక్కా విప్పేస్తారు కదా," అన్నాను. "అప్పుడు తోసేయదా?"

"తోసేయదు," అన్నారు మామగారు. "అప్పటికి దాని పాలే వీడి ఒంట్లో తిరుగుతుంటాయి. వాసన మారిపోతుంది. చొక్కా లోపలికి దూరడానికే. ఉండిపోవడానికి కాదు."

అన్నాక తనే ఆగిపోయారు. తన మాట తనకే కొత్తగా వినిపించినట్టు నా వంక చూశారు. నేను ఎనెకో పాత కోటు తొడుక్కుని ఉన్నాను, చేతులు వేళ్ళ దాకా మడతపెట్టి.

"ఎనెకో."

"ఐతా?"

"లారీ వాడికి ఫోన్ చెయ్. శుక్రవారం వద్దను."

"ఎప్పుడు రమ్మనమంటారు?"

"రమ్మనొద్దు. కావాలంటే మనమే పిలుస్తామను."

ఎనెకో ఫోన్ తీసి తలుపు దగ్గరికి పరిగెత్తాడు. దారిలో నా భుజానికి భుజం తగిలించి పోయాడు, కావాలనే. అముమ మిగిలిన రొట్టె గుడ్డలో చుట్టేసింది, పెద్ద పని ముగిసినట్టు. నాకు గెంతాలనిపించింది. కానీ మామగారు కమ్మీ తలుపు గడియ తీస్తున్నారు.

"మాట నీదే," అన్నారు. "ఈనిన వెంటనే చూడాలన్నావు. ఈ కొట్టంలో ఇవాళ ఈనినది నీ పుట్టింటి గొర్రె. దీనితోనే మొదలుపెడదాం, పిల్లా."

నా వేలి మీది ఉంగరం తిరగడం ఆగిపోయింది. నేనే దాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాను.

"ఒరేయ్, పిల్ల తాగుతోందిరా," అంది అముమ.

"తాగనివ్వమ్మా. అయ్యాకే."

అయ్యేదాకా ఆగారు. పిల్ల కడుపు గుండ్రంగా నిండి, కాళ్ళు ముడుచుకుని గడ్డిలో కూలబడింది. మామగారు దాన్ని తీసి నా చేతుల్లో పెట్టారు. రెండు తోళ్ళ వెచ్చదనం. పై తోలు చల్లబడుతోంది, లోపలిది కొట్టుకుంటోంది. ఫోన్ ముగించి ఎనెకో వచ్చి నెవాడా మెడ పట్టుకున్నాడు. నెవాడాకు మేమంటే నమ్మకం. తిరగబడలేదు.

మామగారు వంగి, దాని వెనక కాళ్ళు రెండూ పట్టుకుని, మెల్లగా ఎత్తారు. తల కిందికి వాలింది. ముక్కు గడ్డికి ఆనింది. పైన రేకు మీది మంచు కరిగి బొట్టు బొట్టుగా చూరు నుంచి రాలుతున్న చప్పుడు.

నెవాడా ముక్కు చివర ఏదో మెరిసింది.

"ఇందాక బకెట్లో మూతి పెట్టింది," అన్నాడు ఎనెకో, అడగకుండానే. "నేను చూశాను. ఆ నీళ్ళే అయ్యుంటాయి."

చుక్క పెద్దదైంది. రాలలేదు.

"అమ్మా, ఈ కాలు పట్టుకో," అన్నారు మామగారు. అముమ లేచి వచ్చి కొడుకు పక్కన వంగి ఒక కాలు పట్టుకుంది. రెండోది ఆయన ఎడమ చేతిలోనే ఉంది. కుడి చేయి చొక్కాకు తుడుచుకుని, నెవాడా ముక్కు కిందికి చాచి, అరచేయి విప్పారు.

జబ్బైతే ధార కడుతుంది. బకెట్ నీళ్ళైతే ఒక్క చుక్కతో ఆగిపోతుంది.